దోరగా అంటే ఎంత?

ఈ నెల ఈ శీర్షిక కింద ఒక వంటకాన్ని గురించి రాయడం చూసి పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ఈ పుట మాటలకు సంబంధించినది, పొయ్యికి సంబంధించినది కాదు. అయితే ఇరవై ఏళ్లకు పైబడిన నా అనువాద వ్యాసంగంలో దొర్లిన పొరపాట్లన్నింటిలోకీ నన్ను ఎక్కువ సిగ్గుపరచినది ఏ నవలలోనో, నాటకంలోనో దొర్లినది కాదు. అరకిలో వంజరం చేప విషయంలో దొర్లినది. ఇన్నాళ్లూ దానిని దాచుకున్నాను. మామిడికాయలు దోరకు వచ్చే రోజులు గనుక చెప్పుకొనడానికి ఇదే అదను.

అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి నాలుగైదేళ్లయింది. ఒక మాసపత్రికవారు తమ వంటల పుట కోసం కొన్ని విదేశీ వంటకాలను ఇంగ్లీషు నుండి తెలుగు చేసి పెట్టమన్నారు. పుటకు ఇంత అని ప్రతిఫలం. వాటిలో ఒకటి కరీబియన్ దీవుల తరహా వంటకం. మసాలా పొడులు పట్టించిన చేప ముక్కలను బాగా కాగిన పెనంమీద వేసి, రెండు వైపులా రంగు తేలనిచ్చి, మామిడిపండుతో చేసిన పులుపూ కారమూ కలిసిన సాస్‌తో వడ్డించాలి. ఇప్పుడు ఇంత తేలికగా చెప్పగలుగుతున్నాను గాని, ఆనాడు నేను రాసినది ఇది కాదు.

మూలంలో ముక్కలను పెనంమీద ‘సియర్’ చెయ్యమని ఉన్నది. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నవాడికి ఆ మాట తెలియకపోవడమేమిటి? తెలుసు. వచ్చిన చిక్కల్లా అదే. ‘మాక్‌బెత్’ నాటకం చివరి అంకంలో ఆ రాజు తన బ్రతుకు ఎండుటాకు దశకు చేరుకున్నదని వాపోయే చోట షేక్‌స్పియర్ వాడినది ఈ మాటకు తోబుట్టువునే. పాత ఇంగ్లీషులో దీనికి వాడిపోవడమనీ, ఎండిపోవడమనీ అర్థం. కాల్చిన ఇనుముతో వాత పెట్టడానికి కూడ తరువాత ఇదే మాట వచ్చింది. నిఘంటువు తెరిస్తే కాల్చు, మాడ్చు, ఎండించు అని వరుసగా కనిపించాయి. చదువుకున్న నాటకమూ, బల్లమీది నిఘంటువూ ఏకమై ఒకే సాక్ష్యం చెబుతుంటే అనుమానం ఎందుకు కలుగుతుంది? ‘చేప ముక్కలను తడి ఆరిపోయే వరకు పెనంమీద బాగా మాడ్చవలెను’ అని రాశాను.

అంతటితో ఆగలేదు. సాస్ అనే మాటను అలాగే ఉంచడం నా పాండిత్యానికి చిన్నతనంగా తోచింది. ఆ మాటకు మూలం లాటిన్‌లో ఉన్నది, ఉప్పు వేసినది అని దాని అర్థం. ఆ జ్ఞానం వలన నాకు ఒరిగినది ఏమీ లేదు. చివరకు ‘మామిడిపండు రసం’ అని పెట్టి, మంచి తెలుగు మాట దొరికిందని సంతోషించాను. సాస్‌ను పళ్లెంలో ముందుగా పరచి దానిమీద చేపను ఉంచమని మూలంలో ఉంటే, ఆ వాక్యం తెలుగులో ఎబ్బెట్టుగా ఉన్నదనిపించి, ‘పైన రసము పోసి వడ్డించవలెను’ అని సరిదిద్దాను. సరిదిద్దాననే అనుకున్నాను సుమా.

పుట అచ్చయిన మూడు వారాలకు పత్రికవారి ద్వారా నాకొక కార్డు చేరింది. సముద్రతీరంలోని ఒక పట్టణం నుండి ఒక గృహిణి రాసినది. అందులో నింద లేదు, కోపం లేదు. జరిగినది జరిగినట్లు రాశారు. నాలుగేళ్ల తరువాత గల్ఫ్ నుండి వచ్చిన తమ్ముడికి ఏదైనా కొత్తది చేసి పెట్టాలని తెల్లవారుజామునే రేవుకు వెళ్లి వంజరం తెచ్చుకున్నారట. ‘మాడ్చమన్నారు, మాడ్చాను. ఇల్లంతా పొగ కమ్ముకున్నది. రసం పొయ్యమన్నారు, చిన్నరసాలు నాలుగు పిండి పోశాను. నేను నొచ్చుకుంటానని మా తమ్ముడు ఒక ముక్క తిన్నాడు. మిగిలినది పిల్లికి పెడితే అది కూడ వాసన చూసి వెళ్లిపోయింది. నేను ఎక్కడ తప్పు చేశానో దయచేసి తెలుపగలరు.’

ఆ చివరి వాక్యం ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. కథనో కవితనో తప్పుగా తెలుగు చేస్తే విమర్శకులు నన్ను అంటారు. వంటకాన్ని తప్పుగా తెలుగు చేస్తే వండినవారు తప్పు తమదేననుకుంటారు. అచ్చులో పడిన అక్షరంమీద మనవాళ్లకు అంత నమ్మకం. ఆమెకు జవాబు రాయాలని కూర్చున్నాను. ఏమని రాయాలి? మాడ్చకూడదని రాయగలను. మరేం చెయ్యాలి? అది నాకు తెలియదు. అప్పటికి నేను పెనంమీద అట్టును కూడ తిరగేసి ఎరుగను.

మా అక్క నరసాపురంలో ఉంటుంది. గోదావరి చేపతోనూ సముద్రపు చేపతోనూ సమానంగా పరిచయమున్న ఊరు. పత్రికనూ, మూలపు కాగితాన్నీ సంచిలో పెట్టుకుని ఆదివారంనాడు అక్కడికి వెళ్లాను. అక్క కళ్లజోడు పెట్టుకుని నా తెలుగు చదివింది. చదివి చాలాసేపు నవ్వింది.

“ఒరేయ్, మాడ్చమని ఎవరైనా రాస్తారట్రా? మాడిందని ఏడుస్తారు గాని.”

“మరి ఏమనాలక్కా?”

“ముందు చేప కడుగు.”

ఆ రోజు నేను నేర్చుకున్న మొదటి పాఠం గుడ్డ ముక్కకు సంబంధించినది. కడిగిన ముక్కలకు వెంటనే మసాలా పట్టించబోతే అక్క చెయ్యిమీద ఒకటి వేసింది. పాత నూలుగుడ్డ ఇచ్చి, ఒక్కొక్క ముక్కనూ పసిపిల్లకు స్నానం చేయించి తుడిచినట్లు తుడవమన్నది. “తడిగా ఉంటే చేప వేగదురా, ఉడుకుతుంది” అన్నది. తరువాత నేను పుస్తకాలలో చదువుకున్న సంగతంతా ఈ ఒక్క మాటలో ఉన్నది. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర మరుగుతుంది. ముక్కమీద నీరున్నంతసేపూ, కింద ఎంత మంట పెట్టినా, ఆ పైపొర వేడి అంతకు మించదు. ఎర్రని రంగూ, దానితో వచ్చే కమ్మని వాసనా పుట్టాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. మాంసకృత్తులూ చక్కెరలూ ఆ వేడిలో ఒకదానితో ఒకటి కలిసి వందలాది కొత్త వాసనలనూ రుచులనూ పుట్టిస్తాయి. ఈ మార్పును ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయార్ 1912లో వివరించాడు. రొట్టె పైపొరకూ, వేపిన కాఫీ గింజకూ, మన అట్టు అంచుకూ రంగునిచ్చేది ఇదే.

పెనం కాగింది. ముక్క వేయగానే చుఱ్ఱుమన్నది. నేను వెంటనే అట్లకాడ పట్టుకుని దాన్ని కదపబోయాను. రెండో దెబ్బ పడింది. “అది వదిలినప్పుడు నువ్వు తియ్యి” అన్నది అక్క. మొదట పెనాన్ని కరచుకున్న ముక్క, అడుగున పొర గట్టిపడగానే తనంతట తానే వదులుతుంది. ఈలోగా లాగితే పొర పెనానికీ, గుజ్జు అట్లకాడకూ మిగులుతాయి. మూడు నిమిషాలు దాటాక అంచును మెల్లగా ఎత్తి చూస్తే సులువుగా లేచింది. అడుగుభాగం పాత ఇటుక రంగులోకి తిరిగింది. అక్కడక్కడ మిరియపు పలుకులు నల్లబడ్డాయి, అంతే.

“దీన్ని నువ్వేమంటావు?” అని అడిగాను.

అక్క నావైపు విచిత్రంగా చూసింది. “ఏమంటాను? దోరగా వేపడం అంటాను.”

నేను నిఘంటువులో రెండు రాత్రులు వెతికి పట్టుకోలేకపోయిన మాట అది. వెతకవలసిన పద్ధతి వేరు. ఇంగ్లీషు మాట చేతిలో పట్టుకుని దానికి సరిపడేది ఎక్కడున్నదా అని చూశాను గాని, ఆ పని చేసే చోట నిలబడి అక్కడివాళ్లు దాన్ని ఏమంటున్నారో వినలేదు. వేడితో చేసే పనులకు తెలుగులో మాటల కరువు లేదు. నేరుగా నిప్పుమీద పెడితే కాల్చడం. నూనెలో అయితే వేపడం, వేయించడం, తెలంగాణలో గోలించడం. హద్దు దాటితే మాడడం. మాడి వాసన వేస్తే కమరడం. వీటన్నింటి నడుమ, పచ్చిదనం పోయి మాడుదనం రాని ఆ కాస్త వ్యవధికి దోర అని పేరు.

ఈ మాటలోని సొగసు మరొకటి ఉన్నది. దోర అన్నది మొదట కాయకు చెందిన మాట. పచ్చిదనం వదిలి, పండుతనం పూర్తిగా రాని దశలో ఉన్నది దోరకాయ. దోరజామ కొరికితే కరకరమంటుంది, అయినా వగరు ఉండదు. దోరమామిడిలో పులుపు పోకముందే తీపి మొదలవుతుంది. చెట్టుమీది కాయకు ఎండ చేసే పనినీ, పెనంమీది పలుకుకు మంట చేసే పనినీ మనవాళ్లు ఒకే మాటతో చెప్పారు. రెంటిలోనూ గమనించవలసినది రంగు మాత్రమే కాదు, సమయం. వేరుశెనగలు దోరగా వేగాయని చెప్పడానికి మా అమ్మ మూతకు చెవి ఒగ్గేది, చూసేది కాదు. ఇంగ్లీషులో ఈ రెండు పనులనూ కలిపే మాట నాకింతవరకు తగలలేదు. వాళ్ల మాట ఎండుటాకు దగ్గర బయలుదేరింది, మన మాట పండబోయే కాయ దగ్గర బయలుదేరింది. ఎండుటాకును పట్టుకుని పోయినవాడు చేపను మాడ్చడంలో వింతేమున్నది?

తెల్లవారి వంట పుస్తకాలకు కూడ ఈ మాటతో పెద్ద చిక్కే వచ్చి పడింది. మాంసాన్ని మొదట పెద్ద మంటమీద సియర్ చేస్తే పైపొర మూతలాగ బిగుసుకుని, లోపలి రసం బయటికి పోకుండా ఆపుతుందని వాళ్లు చాలాకాలం నమ్మారు. 1847లో మాంసాన్ని గురించి గ్రంథం వెలువరించిన జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు యూస్టుస్ ఫాన్ లీబిగ్ వలన ఈ నమ్మకానికి శాస్త్రపు ముద్ర పడింది. 1984లో అమెరికన్ రచయిత హారల్డ్ మెగీ వంటశాస్త్రాన్ని గురించిన తన పుస్తకంలో ఇది నిజం కాదని తేల్చి చెప్పాడు. పొర ఏర్పడిన తరువాత కూడ పెనం చుఱ్ఱుమంటూనే ఉంటుంది గదా, ఆ చప్పుడు లోపలి నీరు బయటికి వచ్చి ఆవిరవుతున్న చప్పుడే. మూత పడి ఉంటే చప్పుడు ఆగిపోవాలి. పైపొరవలన దక్కేది రుచి, రసం కాదు. వేపింది దోరగానా కాదా అనేదొక్కటే మన ఆడవాళ్లు చూశారు గాని, రసానికి మూత పడుతుందని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

నా పొరపాటును కాస్త వెనకేసుకు రాగల వంటకం ఒకటున్నది, దాన్ని దాటిపోవడం న్యాయం కాదు. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో 1979లో భోజనశాల తెరిచిన పాల్ ప్రూడోమ్ అనే వంటవాడు రెడ్‌ఫిష్ అనే చేప ముక్కలను కరిగిన వెన్నలో ముంచి, కారపు పొడులు దట్టంగా అద్ది, పొగలు కక్కే పోత ఇనుము పెనంమీద వేసేవాడు. ఆ వంటకానికి పేరే ‘నల్లబరచిన చేప’. 1980ల నడుమ అది అమెరికా అంతటా ఎంత వెర్రిగా వ్యాపించిందంటే, మెక్సికో సింధుశాఖలో ఆ చేప తరిగిపోయి, దాని వేటమీద ప్రభుత్వం ఆంక్షలు విధించవలసి వచ్చింది. అయితే అక్కడ కూడ నల్లబడినవి వెన్నా మసాలా పొడులే, చేప మాడలేదు. కనుక నాకు ఆ చాటు కూడ చాలదు.

ఇక సాస్ సంగతి.

“చేపకి పండేమిటిరా, నీ మొహం!” అన్నది అక్క రెండో భాగం వినగానే. తీపి పండుతో నీచు తినడమన్న ఊహకే ఆమె ముఖం చిట్లించింది. నేను వంటింటి గోడ పక్కనున్న జాడీ చూపించి అందులో ఏముందని అడిగాను. చింతపండు. చింత ఏమిటి? పండు. ఒక్క క్షణం ఆగి అక్క నవ్వేసింది. “అవునురా, ఇన్నేళ్లూ పండుతోనే వండుతున్నాను.”

పేరులోనే పండు ఉన్నా మనకు అది పండుగా కనిపించదు. ఆ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. ఎంత పూర్వం ఇక్కడికి వచ్చి స్థిరపడిందంటే, అరబ్బులు దానిని ఇండియా ఖర్జూరం అనే అర్థంలో తమర్ హిందీ అన్నారు. ఇంగ్లీషువారి టామరిండ్ అక్కడిదే. మన పులుసు పండు సాస్ కాకపోతే మరేమిటి? మామిడికాయల కాలంలో చేపల పులుసులో చింతపండు తగ్గించి మామిడి ముక్కలు వేసే ఇళ్లు గోదావరి జిల్లాలలో ఎన్నో. కేరళలో కుడంపులి, కొంకణ తీరంలో కోకం, సింహళంలో గొరక, మూడూ ఒకే జాతి చెట్ల పండ్లు, చేపకోసమే ఎండబెట్టి దాచుకొనేవి. సింహళీయులు గొరక ముద్ద పట్టించి వండే అంబుల్ తియల్ అనే చేప కూర పులుపు చలవవలన రోజుల తరబడి చెడకుండా నిలుస్తుంది. అస్సామువారు ఔ టెంగా అనే పెద్ద పుల్లటి కాయతో చేప చారు కాస్తారు. వంగదేశంలో చేప అంబలానికి పచ్చిమామిడి పడుతుంది. ఆ చివరినుండి ఈ చివరివరకు నీటి ఒడ్డున బ్రతికేవారందరూ చేపకు తోడుగా పండునే ఎన్నుకున్నారు.

దీనికి కారణం రుచి ఒక్కటే కాదు. సముద్రపు చేపల కండలో సహజంగా ఉండే ఒక పదార్థం, చేప చచ్చిన తరువాత సూక్ష్మజీవుల పనివలన విరిగి, మనం నీచువాసన అనే వాయువుగా మారుతుంది. పులుపు తగిలితే ఆ వాయువు ఎగిరిపోలేని లవణంగా మారి అక్కడే నిలిచిపోతుంది, ముక్కుకు అందదు. నిమ్మకాయ పిండినా ఇదే జరుగుతుంది, చింతపండు పోసినా ఇదే జరుగుతుంది.

ఇంగ్లండులోనూ ఫ్రాన్సులోనూ మన కానాగంతలకు చుట్టమైన మాకెరెల్ చేపకు గూస్‌బెర్రీ పండ్ల సాస్ పాత జోడీ. ఫ్రెంచివారైతే ఆ పండును మాకెరెల్ చేప పేరుతోనే పిలుస్తారు. అన్నట్లు, అనువాదకులకు ఒక విన్నపం. గూస్‌బెర్రీ అనగానే ఉసిరికాయ అని రాసేస్తుంటాం. రెంటికీ ఏ సంబంధమూ లేదు. గుండ్రంగా, పచ్చగా, పుల్లగా ఉన్నదని మన ఉసిరికి ఇంగ్లీషువారు తమ పండు పేరు తగిలించారు. దానిని తిరిగి మనం నమ్మి, వాళ్ల పండును ఉసిరి చేశాం. ఈ తప్పు కూడ నేను ఒకసారి చేశాను, అయితే దాన్ని ఎవరూ వండలేదు.

ఇంతకూ ఆ గృహిణి పోసిన చిన్నరసాలలో లోపమేమిటో ఇప్పుడు తెలిసింది. రసాల జాతి మామిడి పిండుకు తాగవలసినది, అంతా తీపి. కాయ మాగేకొద్దీ అందులోని పిండి చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గిపోతుంది. చేపకు కావలసినది పులుపు. మాగిన బంగినపల్లి కూడ ఇందుకు పనికిరాదు. ముక్కు తేలి ఉండే కలెక్టరు కాయ, దానినే తోతాపురి అంటారు, దోరగా ఉన్నప్పుడు దీనికి చక్కగా కుదురుతుంది. నొక్కితే బొటనవేలు కొద్దిగా మాత్రమే దిగాలి. కోస్తే లోపల పసుపు, తొక్క దగ్గర తెలుపు కనిపించాలి. కాయకూ దోరే కావాలి, చేపకూ దోరే కావాలి. ఈ వంటకమంతా ఆ ఒక్క మాటమీద నిలబడి ఉన్నది.

ఆ ఆదివారం అక్క చేసినది చేసినట్లు రాసుకుని వచ్చాను. అదే ఇక్కడ ఇస్తున్నాను.

అరకిలో వంజరం, ముప్పావు అంగుళం మందాన చక్రాలుగా కోసినవి నాలుగైదు ముక్కలు. చందువా అయినా, పండుగప్ప అయినా బాగుంటుంది. కడిగి, తుడిచి, చెంచాడు ఉప్పు, అరచెంచా పసుపు, చెంచాన్నర కారం, చెంచా ధనియాల పొడి, అరచెంచా మిరియాల పొడి, తడి పీల్చడానికి చెంచాడు బియ్యప్పిండి కలిపి రెండు వైపులా అద్దాలి. అల్లం వెల్లుల్లి ముద్ద ఇందులో వేయకూడదు. ముద్దలో నీరుంటుంది, పైగా వెల్లుల్లి చేపకంటె ముందు మాడుతుంది. పావుగంట అలా ఉంచితే ఉప్పు లోపలి నీటిని కొంత బయటికి లాగుతుంది. వేపబోయే ముందు ఆ చెమ్మను మళ్లీ గుడ్డతో అద్ది తియ్యాలి. పొడి కాస్త పోయినా ఫరవాలేదు.

ఈలోగా సాస్. పావుకిలో పైబడిన దోరమామిడికాయ ఒకటి తొక్క తీసి, సగం చిన్న ముక్కలుగా కోసి, సగం మెత్తగా రుబ్బాలి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు చిటపటలాడాక, సన్నగా తరిగిన అంగుళం అల్లం, చీల్చిన పచ్చిమిరపకాయలు రెండు వేసి, మామిడి గుజ్జూ, పావు గ్లాసు నీళ్లూ, ఉప్పూ, గోలీకాయంత బెల్లమూ చేర్చి సన్నని మంటమీద నాలుగైదు నిమిషాలు ఉడకనివ్వాలి. చివరలో మామిడి ముక్కలు వేసి మరొక్క నిమిషం. ముక్క మెత్తబడాలి, కరిగిపోకూడదు. దింపాక రుచి చూసి, పులుపు చాలకపోతే నిమ్మకాయ పిండాలి.

ఇక్కడ నాకూ అక్కకూ చిన్న వాదం జరిగింది. చేప తీసేశాక అదే పెనంలో సాస్ వండి, అడుగున అంటిన మసాలాను కలుపుకోమని ఇంగ్లీషు కాగితంలో ఉన్నది. అక్క ఒప్పుకోలేదు. ఇనప పెనంలో పులుపు ఉడికిస్తే నల్లబడి ఇనుము రుచి వస్తుందనీ, పెనానికి ఏళ్ల తరబడి పట్టిన నూనె పొర పోయి మరునాడు అట్టు అంటుకుంటుందనీ ఆమె వాదన. రెండూ నిజమే. సాస్‌ను రాచ్చిప్పలోనే చేసింది. రాచ్చిప్ప లేనివారు స్టీలు గిన్నెలో చేసుకోవచ్చును.

పెనంమీద మూడు చెంచాల వేరుశెనగ నూనె వేసి, నూనె అలలుగా కదిలి, పొగ ఇంకా రాకముందు ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. ఒకేసారి అన్నీ ఇరికిస్తే పెనం చల్లబడి చేప ఉడికిపోతుంది. మొదటి వైపు మూడు నాలుగు నిమిషాలు, తానుగా వదిలాక తిప్పి రెండో వైపు రెండు మూడు నిమిషాలు. వెన్నెముక దగ్గర కండ అపారదర్శకంగా తెల్లబడి ముల్లును వదులుతుంటే అయినట్లే. చేప కండ 60 డిగ్రీల దరిదాపులలోనే ఉడికిపోతుంది. అంతకుమించి పెనంమీద ఉంచిన ప్రతి నిమిషమూ దానిని పీచు చేస్తుంది.

పళ్లెంలో ముందు సాస్ పరచి, దానిమీద ముక్క పెట్టాలి. పైన పోస్తే అంత కష్టపడి తెచ్చుకున్న దోరపొర క్షణంలో నానిపోతుంది. ఆనాడు ఎబ్బెట్టుగా ఉన్నదని నేను తిరగేసిన వాక్యానికి కారణం ఇదీ. ఇంగ్లీషు వాక్యంలో అలంకారం కనిపించింది గాని, అందులో ఉపయోగం ఉన్నదని నాకు తోచలేదు.

ఆ రాత్రే నరసాపురం నుండి ఆ గృహిణికి ఉత్తరం రాశాను. మొదటి వాక్యంలో ఆమె ఏ తప్పూ చేయలేదని రాశాను. తప్పు మూడు చోట్ల నాదని చెప్పి, మూడింటినీ విడివిడిగా వివరించాను. పై పద్ధతి అంతా రాసి, చివర మా అక్క మాటగా ‘చేప తడిగా ఉంటే వేగదు, ఉడుకుతుంది’ అని చేర్చాను. పత్రికవారికి కూడ సవరణ పంపాను. తరువాతి సంచికలో అది రెండు పంక్తులలో వచ్చింది.

నెలన్నరకు జవాబు వచ్చింది. తమ్ముడు అప్పటికే గల్ఫ్ వెళ్లిపోయాడట. కలెక్టరు కాయలు కూడ అయిపోవస్తుంటే, ఆఖరి కాయతో చేసి భర్తకూ పిల్లలకూ పెట్టారట. బెల్లం మాత్రం మానేశానని, అల్లం రెట్టింపు చేశానని రాశారు. వాళ్ల ఇంట్లో దోరగా అంటే నేను చెప్పినదానికంటె ఇంకొంచెం ఎర్రగా వేపడమనీ, అంచున కాస్త నల్లబడితేగాని పిల్లలు తినరనీ, అందుకు నేను ఏమీ అనుకోవద్దనీ కూడ రాశారు. కార్డు చివర చోటు చాలక అంచువెంట నిలువుగా మరొక మాట ఉన్నది. ఈసారి పిల్లికి ముల్లు మాత్రమే దక్కిందట.